ఇల్లు సర్దడంలో మూడో మెట్టు

మా కాలనీలో ఈ మధ్య ఇళ్ళన్నీ ఖాళీ అవుతున్నాయి. ఎవరూ ఊరొదిలి పోవడం లేదు లెండి, కంగారు పడకండి. ఇల్లు సర్దుకోవడం ఎలాగో మెట్టు మెట్టుగా చెప్పే వీడియోల పుణ్యం ఇది. చెప్పే ఆవిడ వెనక తెల్లటి గోడ, గోడ పక్కన ఒకే ఒక్క మొక్క. ఆ ఇంట్లో కుక్కర్ గానీ, చీపురు గానీ, అత్తగారు గానీ ఉన్న జాడ మాత్రం ఎక్కడా కనిపించదు.

ఈ శాస్త్రం ప్రకారం మొదటి మెట్టు, డబ్బాలు కొనడం. ఇంట్లో సామాను ఎక్కువైంది కాబట్టి ఇంకొంత సామాను కొనాలి. అన్నీ ఒకే సైజు, ఒకే మూత, లోపలి కందిపప్పు బయటికి కనిపించాలి. హార్లిక్స్ సీసాలో ఆవాలు పోసుకుని తరాల తరబడి బతికిన వంశాలు ఇప్పుడు ఆ సీసా వంక చూసి సిగ్గుపడుతున్నాయి. కొత్త డబ్బాలు వచ్చాయని పాతవి పారేయలేం, మంచి డబ్బాలు కదా. కొత్తవి వచ్చిన అట్టపెట్టెల్నీ పారేయలేం, రేపు ఇల్లు మారితే పనికొస్తాయి. ఆ విధంగా మొదటి మెట్టు దిగ్విజయంగా పూర్తవుతుంది.

ఈ విద్యకు ప్రపంచమంతా పేరు తెచ్చింది జపాన్ ఆవిడ మేరీ కోండో. గదుల వారీగా కాదు, రకాల వారీగా సర్దాలంటుంది. ముందు బట్టలు, తర్వాత పుస్తకాలు, ఆ తర్వాత కాగితాలు, చిల్లర సామాను, అన్నిటికన్నా చివర జ్ఞాపకాల వస్తువులు. ఒక్కోటీ చేతిలోకి తీసుకుని, ఆనందం కలుగుతోందా అని మనసుని అడగాలి. కలగకపోతే దానికి కృతజ్ఞతలు చెప్పి సాగనంపాలి. 2019లో ఆవిడ నెట్‌ఫ్లిక్స్‌లోకి వచ్చాక సొరుగుల్లో బట్టలన్నీ నిలబడి ఉండటం నేర్చుకున్నాయి. మూడో బిడ్డ పుట్టాక తను సర్దడం చాలావరకు వదిలేశానని 2023లో ఆవిడే చెప్పేసింది. నిజాయితీ గల మనిషి. మన వీడియోలవాళ్ళకు ఆ కబురు ఇంకా అందినట్టు లేదు.

రెండో మెట్టు, అటక మీది సామానంతా హాల్లోకి దించి మూడు గుట్టలు పెట్టడం. ఉంచాలి, ఇచ్చేయాలి, పారేయాలి. ఏడాదిగా వాడనిది ఇంట్లో ఉండకూడదని సూత్రం. పెళ్ళిళ్ళకి తప్ప కిందికి దిగని ఇత్తడి గుండిగను ఈ సూత్రకర్తలు చూసి ఉండరు.

కార్యక్రమం ఇలా నడుస్తుంది. కోడలు మూతలేని స్టీలు గిన్నె తీసి ‘పారేయాలి’లో పెడుతుంది. అత్తగారు దాన్ని బోర్లించి, అడుగున చెక్కిన పేరు చదువుతారు.

“మా మేనత్త చదివించింది. మీ మామయ్యగారి పెళ్ళికి.”

“ఆ పెళ్ళి మీదే కదా అత్తయ్యా.”

“అందుకే చెబుతున్నా.”

గిన్నె ‘ఉంచాలి’లోకి వెళ్తుంది. తర్వాత జారు లేని మిక్సీ వస్తుంది. మామగారు పేపరు కిందికి దించి, “మోటారు బాగానే ఉంది” అంటారు. మోటారు బాగున్న దేన్నీ పారేసే ఆచారం ఆ ఇంట్లో లేదు. గంట తర్వాత ఇంకో సంచీలో మిక్సీ లేని జారు దొరుకుతుంది. ఇంటిల్లిపాదీ సంబరం. రెండూ వేర్వేరు కంపెనీలవని తేలుతుంది. అయినా సంబరం ఆగదు, రెండూ ఉంచుతారు. తర్వాత కవర్ల కవరు. ఒక పెద్ద కవరు, దాని నిండా మడతపెట్టిన కవర్లు, వాటిలో సగం ఎప్పుడో మూతపడిన బట్టల షాపులవి. దీని మీద చర్చ కూడా జరగదు, నేరుగా ‘ఉంచాలి’. ఎవరి గృహప్రవేశంలోనో ఇచ్చిన దేవుడి బొమ్మ గడియారం నడవదు. కానీ దేవుణ్ణి ఎక్కడ పారేస్తాం? ఎవరిచ్చారో మర్చిపోయిన డిన్నర్ సెట్టు ఇంకా పెట్టెలోంచి బయటికే రాలేదు. ఇంకొకరి పెళ్ళికి ఇచ్చేద్దామంటే, మనకిచ్చింది వాళ్ళేనేమో అని భయం. మధ్యలో మామగారు మెల్లగా లేచి, ‘పారేయాలి’లోంచి తన పాత రేడియో తీసుకుని గదిలోకి వెళ్ళిపోతారు. దాని మోటారు బాగుందో లేదో ఎవరూ అడగరు.

సాయంత్రానికి ‘ఉంచాలి’ గుట్ట ఫ్యాను రెక్కల దాకా లేస్తుంది.

ఇంతవరకూ నవ్వుకుంటాం, పోనీ. అసలు సంగతి మూడో మెట్టు. వీడియో ఆవిడ చిరునవ్వుతో చెబుతుంది: “మీకు పనికిరానివి మీ పనమ్మాయికి ఇచ్చేయండి, తను కూడా సంతోషిస్తుంది!”

మూతలేని గిన్నెనీ, మిక్సీ లేని జారునీ వదులుకోని ఆ ఇల్లు ఏం ఇచ్చేస్తుందో చూడండి. జిప్పు ఊడిన సూట్‌కేసు. నడుము దగ్గర గుంట పడ్డ పరుపు. చంకలో చిరిగిన చొక్కాలు. డేటు దాటిన బిస్కెట్లు, “ఏం కాదులే, తినొచ్చు” అనే భరోసాతో సహా. కవర్ల కవరుకి దొరికిన గౌరవం ఆ మనిషికి దొరకదు.

పాత చీరలకు స్టీలు సామాన్లిచ్చే అతను వీధిలోకి వస్తే, ఇదే ఇల్లాలు ఇస్త్రీ చేసిన ప్యాంట్లు పట్టుకెళ్తుంది. అతను ఒక్కోటీ విప్పి వెలుతురుకి పట్టి చూస్తాడు. చిరుగు కనిపిస్తే మొహం మీదే వెనక్కిచ్చేస్తాడు. గంప నిండా బట్టలకి ఇంత చిన్న బాణలి చూపిస్తాడు. అతని దగ్గర ఈవిడే తగ్గి మాట్లాడుతుంది. ఎందుకంటే అతను వద్దనగలడు. పనిచేసే ఆవిడ అనలేదు. నోరు తెరిచి “వద్దమ్మా, మా ఇంట్లో చోటు లేదు” అందా, లిఫ్టు దిగేలోపు పొగరుబోతు అన్న పేరు మూడు ఫ్లాట్లకి పాకుతుంది. నలుగురు పడుకునే ఒంటిగదిలో నీ డబుల్ కాట్ పరుపు ఎక్కడ వేసుకుంటుంది? ఆ గదిని ఎలా సర్దుకోవాలో వీడియో తీసిన మహాతల్లి ఉందా?

ఈ బుద్ధి ఒక్క ఇంటిది కాదు. 2004 డిసెంబరులో సునామీ వచ్చినప్పుడు తమిళనాడు తీరానికి దేశమంతా లారీల్లో పాత బట్టలు పంపింది. సర్వం పోగొట్టుకున్న జాలరి కుటుంబాలు వాటిని ముట్టుకోలేదు. గుట్టలు గుట్టలుగా రోడ్ల పక్కన పడి ఉంటే, గూంజ్ అనే స్వచ్ఛంద సంస్థ ఏరుకుని, ఆడవాళ్ళకు నెలసరి గుడ్డలు కుట్టించే దాకా వాటి గతి అదే. ఇల్లు పోయినవాడికి కూడా మన చిరుగుల చొక్కా ఇచ్చి, దానం అని రాసుకుంటాం! దానం కాదది, చెత్తబండివాడి పని ఇంకొకరి నెత్తిన రుద్దడం. అంత ప్రేమ పొంగితే జీతం ఐదొందలు పెంచండి. దానికి అటక కూడా ఎక్కక్కర్లేదు.

పెంచరు. పైగా గేటు దగ్గర ఇంకో ఏర్పాటు చేశారు. పనివాళ్ళు ఏ సామాను బయటికి తీసుకెళ్ళినా ఫ్లాటు వాళ్ళ చీటీ ఉండాలి. దొంగతనాలు జరక్కుండానట. పరుపు చుట్టి నెత్తిన పెట్టుకుని, చేతిలో జిప్పులేని సూట్‌కేసుతో, ఎండలో ఆవిడ గేటు దగ్గర నిలబడి ఉంటుంది. సెక్యూరిటీ అతను సూట్‌కేసు తెరిపించి, చిరుగుల చొక్కాలు ఒక్కొక్కటీ దులిపి చూసి ఫ్లాటుకి ఫోన్ చేస్తాడు, “మేడమ్, ఇవి మీరే ఇచ్చారా?” అని అడగడానికి. మేడమ్ ఫోన్ ఎత్తరు. నాలుగో మెట్టులో ఉన్నారు, డబ్బాలకి పేర్లు అతికిస్తున్నారు.