క్యారవాన్‌లో చెమ్మ: మొన్నటి పోస్టుకి సవరణ

చలికాలం రాత్రి క్యారవాన్‌లో (లోపలే పడుకుని, వండుకునే బండి) చెమ్మ పట్టకుండా రూఫ్ వెంట్ (పైకప్పులో గాలి పోయే చిన్న కిటికీ) కొంచెం తెరిచి ఉంచండి, లోపల వెచ్చగా ఉంచండి అని మొన్న రాశాను కదా, వైజాగ్ నుంచి చలికి పేరున్న లంబసింగి వెళ్ళేవాళ్ళు అక్కడ అంత పొగమంచు పడుతుంటే తెరిస్తే తడి ఇంకా లోపలికొస్తుంది కదా అని అడుగుతున్నారు. రాదండి. 5 డిగ్రీల గాలిలో ఎంత పొగమంచున్నా క్యూబిక్ మీటరుకి నీటి ఆవిరి 7 గ్రాముల లోపే, అదే లోపల 20 డిగ్రీలుంటే 17 గ్రాముల దాకా పడుతుంది, అంటే బయటి గాలి లోపలికొచ్చి వేడెక్కాక మన ఊపిరిలో తడిని పీల్చుకుని వెంట్ లోంచి పోతుంది. భీమిలి బీచ్ పక్కన పార్క్ చేస్తే మాత్రం ఈ లెక్క అంతగా పనిచెయ్యదు, సముద్రపు గాలే తేమ, అక్కడ కరెంట్ దొరికితే డీహ్యూమిడిఫయర్ (గాలిలో తడిని లాగేసే మెషీన్) పెట్టుకోవడమే మేలు.

ఇంకోటి, ఇది చాలా ముఖ్యం. వెచ్చగా ఉంచండి అంటే గ్యాస్ స్టవ్ వెలిగించి పడుకోమని కాదు, దయచేసి అలా చెయ్యకండి! కిలో గ్యాస్ కాలితే కిలోన్నర పైనే నీటి ఆవిరి వస్తుంది, అదంతా చల్లటి అద్దాల మీదే చేరుతుంది, పైగా మూసిన బండిలో కార్బన్ మోనాక్సైడ్ వాసన కూడా రాకుండా ప్రాణం తీస్తుంది. వంట చేసేటప్పుడు కూడా మూత పెట్టి, కిటికీ తెరిచే వండండి.