మాజీ సైనికుడికి సర్పంచ్ కుర్చీ కంటే ఎంబుక్ ముఖ్యం

పంచాయతీ ఎన్నికల మాట వినబడితే చాలు, ఉద్దానం ఊళ్ల రచ్చబండల మీద ఒక ఆలోచన పైకొస్తుంది: ఈసారి పార్టీలోళ్లు వద్దు, మిలట్రీ నుంచి వచ్చినాయన్ని నిలబెడదాం. ఈ ఆలోచనకు కారణం ఉంది. కంచిలి, సోంపేట, వజ్రపుకొత్తూరు, సంతబొమ్మాళి వైపు వీధికి ఇద్దరు ముగ్గురు సైన్యంలో ఉన్న ఊళ్లున్నాయి. శ్రీకాకుళం కోడి రామ్మూర్తి స్టేడియంలో రిక్రూట్‌మెంట్ ర్యాలీ పెడితే తెల్లవారకముందే కుర్రాళ్లు బారులు తీరతారు. సిపాయిగా చేరినవాడు 15 ఏళ్ల సర్వీసుతో పింఛనుకు అర్హుడవుతాడు. నలభై దాటకముందే ఊరికొచ్చేవాళ్లు ఎక్కువ. ఇంకా రెండు దశాబ్దాలు పనిచేసే సత్తా ఉంటుంది, నెలనెలా పింఛను పడుతుంది కాబట్టి చిల్లర డబ్బుకు చెయ్యి చాచే అవసరం తక్కువ. ఇంతవరకు వాదన సరైనదే. ఆయన్ను సర్పంచ్‌ని చేస్తే పంచాయతీ దానంతటదే గాడిలో పడుతుందనుకోవడం దగ్గరే లెక్క తప్పుతోంది. ఆయన సత్తా నిజంగా అక్కరకొచ్చేది ఎంబుక్ దగ్గర, అంటే చేసిన పని కొలతలు రాసి బిల్లు కట్టే మెజర్‌మెంట్ బుక్ దగ్గర.

సర్పంచ్ చేతిలో ఏముందో ముందు చూడాలి. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది. పదకొండో షెడ్యూలు 29 అంశాలను పంచాయతీరాజ్ సంస్థలకు అప్పగించవచ్చంది. 'అప్పగించవచ్చు' అన్నచోటే రాష్ట్రాలు ఆగిపోయాయి. ఇక డబ్బు సంగతి. 15వ ఆర్థిక సంఘం 2021–26 కాలానికి ఇచ్చిన గ్రాంట్లలో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యానికే ఖర్చుపెట్టాలంది. మిగిలిన 40 శాతంలోనే ఊరు తన అవసరం చూసుకోవాల్సి వచ్చింది. ఆ మిగిలినదాంట్లోనూ కరెంటు బకాయిల పేరుతో కోత పడిందని సర్పంచ్‌లు పార్టీలకతీతంగా రోడ్డెక్కిన సంగతి తెలిసిందే. 2018 ఆగస్టులో పాలకవర్గాల గడువు తీరాక 2021 ఫిబ్రవరి వరకు ఎన్నికలే జరగలేదు, ఊళ్లన్నీ ప్రత్యేకాధికారుల చేతుల్లో నడిచాయి. 2019 అక్టోబరు 2న మొదలైన గ్రామ సచివాలయాల్లో సర్వేయరు, ఇంజినీరింగ్ అసిస్టెంట్, వ్యవసాయ సహాయకులు ఎవరి శాఖకు వాళ్లు జవాబు చెబుతారు తప్ప సర్పంచ్‌కు కాదు. (2025లో సైనికుల ఇళ్లకు పంచాయతీల్లో ఇంటి పన్ను మినహాయింపును రాష్ట్రం విస్తరించింది. గౌరవం దక్కాల్సిందే. కానీ ఆ గౌరవం ప్రకటించింది రాష్ట్రం, తగ్గింది పంచాయతీ సొంత రాబడి.)

ఇలాంటి చోట హుకుం జారీచేసే అలవాటు అక్కరకు రాదు. యూనిట్‌లో ఆర్డరు పడితే పని జరుగుతుంది. పంచాయతీలో తీర్మానం రాయాలి, అంచనా వేయించాలి, సాంకేతిక మంజూరు తేవాలి. బిల్లు దశలో ఈ-గ్రామస్వరాజ్ పోర్టల్లో సర్పంచ్, కార్యదర్శి ఇద్దరి డిజిటల్ సంతకాలూ పడాలి. వీటిలో ఏ ఒక్కటి అడ్డం తిరిగినా ఆర్నెల్లు గడిచిపోతాయి. క్రమశిక్షణ ఉన్న మనిషికి మొదటి ఏడాదిలోనే విసుగొస్తుంది. రెండో ఏడాదికి ఏదో ఒక పార్టీ కండువా మెడలో పడుతుంది. కండువా లేకపోతే మండలంలో ఫైలు కదలదని ఆయనకు ఈపాటికి అర్థమై ఉంటుంది.

నిలబడదామనుకునేవాళ్లకు ఇంకో చిక్కు ఉంది. సర్వీసులో ఉన్నప్పుడు చాలామంది ఫారం-2 ద్వారా సర్వీసు ఓటరుగా నమోదవుతారు. రిటైరై వచ్చాక ఆ నమోదు దానంతటదే ఊరి జాబితాలోకి మారదు. ఫారం-6 పెట్టుకుని సాధారణ ఓటరుగా చేరాలి. డిశ్చార్జి బుక్ చేతికొచ్చిన నెలలో బ్యాంకు, పింఛను పడే స్పర్శ్ ఖాతా, వైద్యానికి ఈసీహెచ్‌ఎస్ కార్డు, క్యాంటీన్ కార్డు అన్నీ గుర్తుంటాయి, ఇదొక్కటి మర్చిపోతారు. నామినేషన్ రోజు చూసుకుంటే జాబితాలో పేరుండదు. పేరు లేనివాడు పోటీ చేయలేడు సరికదా, ఓటు కూడా వేయలేడు.

మరి పదవి కాకపోతే ఏమిటి? పంజాబ్‌లో ఒక ప్రయోగం జరిగింది. అమరీందర్ సింగ్ ప్రభుత్వం 2017 తర్వాత గార్డియన్స్ ఆఫ్ గవర్నెన్స్ పేరుతో మాజీ సైనికులను ఊరూరా నియమించింది. పథకాలు సరిగా అందుతున్నాయా లేదా చూసి యాప్‌లో పైకి నివేదించడం వాళ్ల పని. ప్రభుత్వం మారింది, 2022 సెప్టెంబరులో కొత్త మంత్రివర్గం దాన్ని రద్దు చేసింది. మన వలంటీర్ల కథ దీనికి దగ్గరి చుట్టమే. 2019లో ఒక ప్రభుత్వం తెచ్చింది, 2024 జులై నుంచి కొత్త ప్రభుత్వం సచివాలయ సిబ్బందితో పింఛన్లు పంచించింది, వలంటీరు అక్కర్లేకుండానే పని నడిచింది. ఉత్తర్వుతో పుట్టిన పాత్ర ఉత్తర్వుతోనే పోతుంది. పైగా ఈ రెండు చోట్లా నివేదిక పైకి వెళ్లిందే తప్ప ఊరి ముందు పడలేదు. తన మీద పైకి రాసేవాణ్ణి ఏ ఊరూ నమ్మదు. మరోవైపు టెరిటోరియల్ ఆర్మీలో మాజీ సైనికులతో 1982లో మొదలైన పర్యావరణ దళాలు ఇప్పటికీ మొక్కలు నాటుతూనే ఉన్నాయి. వాటికి చట్టం దన్ను ఉంది, చేయాల్సిన పని ఒక్కటే, అది ఎంత జరిగిందో లెక్కపెట్టి చూడొచ్చు.

ఊళ్లో అలా లెక్కపెట్టి చూడగలిగిన పని సిమెంటు రోడ్డు. నూరు మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు, పదిహేను సెంటీమీటర్ల మందం ఉన్న వీధి రోడ్డుకు 45 ఘనమీటర్ల కాంక్రీటు పట్టాలి. ఎంబుక్‌లో అలాగే రాస్తారు, బిల్లూ అలాగే అవుతుంది. మోసం మందంలో జరుగుతుంది. అంచున షట్టరింగ్ (కాంక్రీటు జారకుండా పెట్టే పలకలు) పదిహేను సెంటీమీటర్లే ఉంటుంది, బయటినుంచి చూసేవాడికి అదే కనబడుతుంది. లోపల మట్టి చదును చేయకుండా మధ్యలో మిట్టగా వదిలేస్తారు. సగటు మందం పన్నెండుకు దిగితే కాంక్రీటు 36 ఘనమీటర్లే అవుతుంది. అంటే తొమ్మిది ఘనమీటర్లు, బిల్లులో ఐదోవంతు, ఎవరి జేబులోకో పోయింది. ఒక పాలు సిమెంటుకు ఒకటిన్నర పాళ్లు ఇసుక, మూడు పాళ్లు కంకర కలిపితే ఘనమీటరుకు సుమారు ఎనిమిది బస్తాల సిమెంటు. ఆ లెక్కన 72 బస్తాలు మిగిలాయన్నమాట.

పట్టుకోవడానికి కావలసింది ఒక దారం, ఒక టేపు. కాంక్రీటు పోయకముందు రెండు పక్కల షట్టరింగ్ మీదుగా దారం బిగువుగా కట్టి, అడుగునున్న బెడ్ దాకా నాలుగైదు చోట్ల కొలవాలి. ప్రతిచోటా పదిహేను రావాలి. పోశాక ఇక కోర్ కోసి, అంటే రోడ్డులోంచి ఒక ముక్క తొలిచి తీసి, చూడటమే దారి. దానికి యంత్రం కావాలి, అధికారి ఒప్పుకోవాలి, ఈలోగా బిల్లు పాసైపోతుంది. కాబట్టి చూడాల్సింది పోసే రోజు పొద్దున్నే. తర్వాత కనీసం రెండు వారాలు గట్లు కట్టి నీళ్లు నిలబెట్టారా లేదా చూడాలి. మే నెల ఎండలో రెండు రోజులు తడిపి వదిలేసిన రోడ్డు మొదటి వానాకాలానికే పైపొర రేగి కంకర తేలుతుంది.

ఈ పని ఇంజినీర్ రెజిమెంట్‌లో చేసొచ్చినవాడికి వెన్నతో పెట్టిన విద్య. సైన్యానికి సరుకులు అందించే ఆర్మీ సర్వీస్ కోర్‌లో స్టోర్ లెడ్జర్ రాసినవాడికి మస్టరు, స్టాకు రిజిస్టరు చూడగానే తేడా తెలుస్తుంది. సిగ్నల్స్ వాళ్లు, యంత్రాల మరమ్మతు చూసే ఈఎంఈ వాళ్లు బోరు మోటారు, ప్యానల్ బోర్డు చూసుకోగలరు. ఉద్దానానికి 2023 డిసెంబరులో ప్రారంభమైన మంచినీటి పథకం రూ.700 కోట్లది. ఇంత పెద్ద పథకం కూడా చివరికి ఆధారపడేది వీధి చివర వాల్వు మీదే. ఆ వాల్వులకు ఊళ్లో దిక్కెవరన్నది ఇప్పటికీ తేలని ప్రశ్న. ఇక్కడ మాత్రం నిక్కచ్చిగా ఉండాలి: మిలట్రీ నుంచి వచ్చిన ప్రతివాడికీ ఇవన్నీ రావు. ట్రేడ్ (సైన్యంలో నేర్చిన పని) చూసి పని అప్పగించాలి తప్ప యూనిఫాం చూసి కాదు. బామ్మర్ది పేరు మీద కాంట్రాక్టులు చేస్తున్నవాణ్ణి, ఎన్నికల ముందు క్యాంటీన్ సీసాలు పంచేవాణ్ణి దగ్గరికి రానివ్వకూడదు. అలాంటివాళ్లు లేరని అనలేం.

దీనికి కొత్త పథకం అక్కర్లేదు. సమాచార హక్కు చట్టం సెక్షన్ 2(జె) పనిని పరిశీలించే హక్కునూ, వాడిన సామగ్రి నమూనాలు తీసుకునే హక్కునూ ఇచ్చింది. మన రాష్ట్రంలో గ్రామస్థాయి కార్యాలయానికి దరఖాస్తు రుసుము లేదు, మండలస్థాయిలో అయిదు రూపాయలు. అంచనా ప్రతి, ఎంబుక్ నకలు అడగొచ్చు, జవాబుకు 30 రోజుల గడువు. అయితే ఒంటరిగా అడిగినవాడిమీద మర్నాటికల్లా ఫలానా పార్టీ మనిషన్న ముద్ర పడుతుంది. అందుకే వ్యక్తి కాదు, గ్రామసభ అడగాలి. 1994 పంచాయతీరాజ్ చట్టంలోనే ఫంక్షనల్ కమిటీలకు, అంటే ఒక్కో పనికి ఒక్కో కమిటీకి, చోటుంది, అవి కాగితం దాటిన ఊళ్లు అరుదు. పనుల తనిఖీకి ఒక కమిటీ, అందులో వార్డు సభ్యులు కాని గ్రామస్థులకు చోటు, ఆ కమిటీ సంతకం లేనిదే చివరి బిల్లు వెళ్లకూడదన్న నిబంధన. ఈ మూడూ చట్టంలోకి ఎక్కితే ప్రభుత్వం మారినా ఒక్క ఉత్తర్వుతో ఊడిపోవు. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలో 13,326 పంచాయతీల్లో ఒకేరోజు సభలు జరిగాయి, పనులకు ఆమోదం తెలిపాయి. ఆమోదించిన పని ఎలా పూర్తయిందో చెప్పించుకునే సభ కూడా అంతే ఆర్భాటంగా పెట్టాలి కదా? అన్నా హజారే సైన్యంలో డ్రైవరుగా చేసి 1975లో రాలేగావ్ సిద్ధికి తిరిగొచ్చారు. సర్పంచ్ కాకుండానే ఊరిని మార్చారు. ఆయన పట్టుకున్న పగ్గం గ్రామసభే.

ఈ చర్చలో ఎవరూ తలవని మనిషి ఒకరున్నారు, ఆ సిపాయి భార్య. సర్వీసులో ఉన్న జవాను రాజకీయ సభకు పోకూడదు, పోటీ చేయకూడదు. ఆర్మీ రూల్స్ అందుకు ఒప్పుకోవు. ఆయన రాజౌరీలోనో తేజ్‌పూర్‌లోనో ఉన్నన్నాళ్లూ ఊళ్లో గట్టు తగాదా వస్తే కమాండింగ్ ఆఫీసర్ కలెక్టరుకు రాసిన ఉత్తరం పట్టుకుని సోమవారం గ్రీవెన్స్‌కు వెళ్లింది ఆమే. తుఫాను తర్వాత పడిపోయిన కొబ్బరిచెట్ల లెక్కకు సిబ్బంది వస్తే, యజమాని ఊళ్లో లేడని పేరు రాసుకోకుండా పోతుంటే, ఎదురుపడి రాయించింది ఆమే. డ్వాక్రా సంఘం పద్దు, బ్యాంకు మేనేజరు, వీఆర్వో, ఎవరితో ఏ మాట ఎలా మాట్లాడాలో పదిహేనేళ్లుగా తెలిసినది ఆమెకే. రాష్ట్రంలో సగం సర్పంచ్ స్థానాలు మహిళలవి. సీటు మహిళకు పడగానే మాజీ సైనికుడు భార్య చేత నామినేషన్ వేయించి, గెలిచాక కుర్చీలో తాను కూర్చోవడం చూస్తున్నాం. ఆఫీసుల పని తెలిసినావిడ సంతకానికే పరిమితం కావడం, ఊరి వ్యవహారం తెలియని ఆయన ముందుండటం... ఇంతకంటే తిరకాసు ఏముంటుంది? నిలబెట్టదలిస్తే ఆమెనే నిలబెట్టండి, ఆయన్ను టేపు పట్టుకుని రోడ్డు మీదికి పంపండి.

రాబోయే రెండు మూడేళ్లలో ఈ బొమ్మ మొత్తం మారబోతోంది. 2022 జూన్‌లో ప్రకటించిన అగ్నిపథ్ కింద చేరిన మొదటి బ్యాచ్ నాలుగేళ్ల గడువు 2026 చివరి నుంచి తీరుతుంది. నలుగురిలో ఒకరిని ఉంచుకుంటారు, ముగ్గురు సుమారు రూ.11.71 లక్షల సేవానిధితో (దిగిపోయేటప్పుడు ఒకేసారి ఇచ్చే మొత్తం) ఇంటికొస్తారు. పింఛను ఉండదు, మాజీ సైనికుడన్న హోదా ఉండదు. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం మాజీ సైనికుల రిజిస్టర్లో వాళ్ల పేరెక్కదు. పాతికేళ్లు అటూఇటూగా ఉండే ఈ కుర్రాళ్లు ఊళ్లో ఎందరున్నారో, ఏ ట్రేడ్ నేర్చుకుని వచ్చారో రాసిపెట్టుకునే పుస్తకం ఊళ్లో లేదు. గ్రామ సచివాలయంలో ఆ పుస్తకం తెరవడానికి కార్యదర్శికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. పేరు, ట్రేడ్, ఫోను నంబరు, ఓటరు జాబితాలో క్రమసంఖ్య... నాలుగు గళ్లు గీస్తే సరిపోతుంది.