ముందు దేవాంగుల వీధిని కొలవండి

చారిత్రక కట్టడాల డాక్యుమెంటేషన్‌లో విదేశీ ఇంటర్న్‌షిప్ అనగానే బరంపురం, పర్లాకిమిడి వైపు ఆర్కిటెక్చర్ చదివే పిల్లల మనసు డ్రోన్ల మీదికి, లేజర్ స్కానర్ల మీదికి పోతుంది. అమెరికాలో చారిత్రక కట్టడాలను నమోదు చేయడానికి 1933లో మొదలైన హాబ్స్ (HABS) సర్వేలో ఇప్పుడు స్కానర్లూ వాడుతున్నారు. కానీ దాని పునాది మూడే: కొలిచి గీసిన డ్రాయింగులు, పెద్ద ఫార్మాట్ ఫొటోలు, రాతపూర్వక చరిత్ర. చారిత్రక కట్టడాల పరిరక్షణకు పనిచేసే అంతర్జాతీయ సంస్థ ఐకోమోస్ అమెరికా శాఖ 1984లో ప్రారంభించిన ఇంటర్న్‌ల మార్పిడి కార్యక్రమానికైనా, అలాంటి మరోదానికైనా వెళ్లాలనుకునేవాళ్లు ముందు చేతికి టేపు అలవాటు చేసుకోవాలి.

సాధనకు అందరూ పర్లాకిమిడి రాజమహల్ వైపు చూస్తారు. దాన్ని గీసింది మద్రాసు సెనేట్ హౌస్ గీసిన ఆర్కిటెక్ట్ చిషోమే, ఆ పేరు చెబితే పోర్ట్‌ఫోలియోకి బరువు మరి! నా మాట వింటే బరంపురంలో ఒక నేతగాళ్ల ఇల్లు చాలు.

ఆ ఇళ్లు వరసగా గోడకు గోడ ఆనుకుని ఉంటాయి. బయటి నుంచి గోడ మందం దొరకదు, గుమ్మం దగ్గరే పట్టుకోవాలి. గది నలుచదరమని నమ్మితే ప్లాను కాగితం మీద మూసుకోదు. నాలుగు పక్కలతోపాటు రెండు కర్ణాలూ కొలవాల్సిందే. టేపు సున్నాను ఒక మూల ఆనించి, కిటికీ, గూడు, తలుపు అన్నిటికీ అక్కడి నుంచే రీడింగ్ తీయాలి. ముక్కముక్కలుగా కొలిచి కూడితే, ఒక్కోదానికి 5 మిల్లీమీటర్ల తప్పు చొప్పున 10 ముక్కలకు 5 సెంటీమీటర్ల దాకా తేడా రావచ్చు. 1:50 స్కేలులో 5 మిల్లీమీటర్లు పెన్ను గీత మందమైనా ఉండవు, 5 సెంటీమీటర్లు మాత్రం ఒక పూర్తి మిల్లీమీటరు. ఎత్తులకు నేలను నమ్మొద్దు, అరుగు నుంచి పెరటి దాకా వాలు ఉంటుంది. మేస్త్రీలు వాడే, నీళ్లు నింపిన ట్యూబ్ లెవల్‌తో గోడల మీద ఒకే మట్టం సుద్దగీత పెట్టుకుని, దానికి పైకీ కిందకీ కొలవాలి. ట్యూబులో గాలి బుడగ చిక్కితే ఆ గీత మొత్తం తప్పుతుంది.

ఇల్లు గీసి వీధిని వదిలేస్తే సగం పనే. పడుగు (నేతలో నిలువు దారాలు) వీధిలో పరిచే చోట వీధి కూడా నేతపనిలో భాగమే. దాని పొడవు, చెట్టు నీడ పడే వైపు, నీళ్లు పారే వాలు, అన్నీ ప్లానులోకి రావాలి. భూదృశ్యాలకని అమెరికాలో 2000లో హాల్స్ (HALS) అనే సర్వేను వేరుగా పెట్టింది ఇందుకే.

ప్రతి షీటు మీద తేదీ, కొలిచినవాళ్ల పేర్లు, ఉత్తర దిక్కు ఉండాలి. ఇంటికొచ్చాక ఫెయిర్ చేసుకుని చెమట మరకల కాగితాన్ని పారేయకండి. గీతకు, కొలతకు పొంతన కుదరనప్పుడు తేల్చేది ఆ కాగితమే.