మార్కుల కోసం చెప్పించే బాధ శిక్షణ అవుతుందా?

నెల్లూరు, ఒంగోలు వైపు ఎం.ఎస్.డబ్ల్యూ. (సోషల్ వర్క్ పీజీ), సైకాలజీ చదివే పిల్లల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. సారాంశం ఇది: కౌన్సెలర్ కావాలనుకునేవాళ్లు ముందు తమ బాధను క్లాసులో అందరి ముందూ చెప్పుకోవాలి, చెప్పలేనివాళ్లు ఈ పనికి పనికిరారు, ‘ట్రామా ఇన్‌ఫార్మ్‌డ్’ (మనసుకు తగిలిన గాయాలను దృష్టిలో పెట్టుకునే) శిక్షణంటే వట్టి గారాబం, ఫీల్డ్‌వర్క్‌ను పర్యవేక్షించే సూపర్‌వైజర్ చూడాల్సింది కేసును గానీ ట్రైనీ (పని నేర్చుకునే విద్యార్థి) మనసును కాదు, ఇదంతా విదేశీ మోజు. దీన్ని మెచ్చుకుంటూ పంపేవాళ్లలో పాఠాలు చెప్పేవాళ్లూ ఉన్నారు. అందుకే రాస్తున్నాను.

మొదటి మాటే అన్నిటికంటే ప్రమాదం. తన గాయమేమిటో కౌన్సెలర్‌కు తెలిసి ఉండాలి, నిజమే. అయితే ఇంటర్నల్ మార్కులు వేసే మనిషి ఎదుట, రోజూ పక్కన కూర్చునేవాళ్ల ఎదుట చెప్పించాల్సిన పనేముంది? మార్కులు చేతిలో పెట్టుకుని ‘ఇష్టమైతేనే చెప్పు’ అంటే కాదనగలిగే విద్యార్థి ఎవరు? చెప్పించేస్తే బరువు దిగిపోతుందన్న నమ్మకాన్ని పరీక్షించి చూశారు కూడా. ఘోరం జరిగిన కొద్దిరోజులకే మనుషుల్ని కూర్చోబెట్టి అంతా ఒక్క విడతలో చెప్పించే ‘డీబ్రీఫింగ్’ మీద జరిగిన ప్రయోగాలను వైద్య పరిశోధనలను బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2002 సమీక్ష కలిపి చూసింది. ఆ డీబ్రీఫింగ్ పీటీఎస్‌డీని (ఘోరం తర్వాత మనిషిని వెంటాడే మానసిక సమస్యను) ఆపలేదు. ఒక ప్రయోగంలోనైతే ఏడాది తర్వాత, చెప్పించినవాళ్లలోనే అది ఎక్కువగా కనిపించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో తెచ్చిన మానసిక ప్రథమ చికిత్స మార్గదర్శిని కూడా చెప్పమని ఎవరినీ ఒత్తిడి చేయొద్దంటుంది. బాధితులకే వద్దన్న పని విద్యార్థులకు పాఠమెలా అవుతుంది?

గారాబం సంగతి. అమెరికా ప్రభుత్వ సంస్థ సామ్‌సా 2014లో ఈ పద్ధతికి ఆరు సూత్రాలు చెప్పింది. భద్రత, దాపరికం లేని నడవడి, తోటివారి అండ అందులోవే. తప్పు చూసీచూడనట్టు వదిలేయమని ఎక్కడా లేదు. దాపరికం లేకపోవడమంటే, సెషన్‌లో ఏది బాగాలేదో ఆ వారమే పిలిచి సూటిగా చెప్పడం. ఏడాదంతా నోరు మెదపకుండా ఉండి వైవాలో అందరి ముందూ కడిగేయడం కంటే ఇదే కష్టం.

సూపర్‌వైజర్ కేసునే చూడాలన్న మూడో మాట దగ్గర ఒక సంగతి చెప్పాలి. మనుషుల్ని గుర్తుపట్టకుండా వివరాలు మార్చాను. పొగాకు పండించే ఊరికి ఫీల్డ్‌వర్క్‌కు వెళ్లొచ్చిన అమ్మాయి కేసు రికార్డు నా ముందు పెట్టింది. ముత్యాల్లాంటి అక్షరాలు. పొగాకు ఆరబెట్టే బ్యారన్ మీద అప్పు, వేలంలో రాని ధర, పిల్లల ఫీజులు, అన్నీ ఉన్నాయి. ఆ ఇంటామె భర్త ఎలా పోయాడో రాయాల్సిన చోట మాత్రం ఖాళీ. కేసునే చూసేదాన్నయితే ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి పంపించేదాన్ని.

“రాత్రి నిద్ర పట్టిందా అమ్మా?” అన్నాను.

చాలాసేపటికి, “ఆమె చెప్తా ఉంటే మా నాయనే కనపడ్డాడు మేడమ్. ఇంక అడగలేకపోయినా” అంది.

నాయన సంగతి నేను అడగలేదు. నేను ఆమెకు సూపర్‌వైజర్ని, థెరపిస్టుని కాను. ఆ ఖాళీ గురించే మాట్లాడుకున్నాం. ఆ ఇంటామెకు కూడా చచ్చిపోవాలన్న ఆలోచన ఉందేమో ఎలా అడగాలి? ఈ కేసు నీ దగ్గరే ఉండాలా, ఇంకొకరితో కలిసి వెళతావా? కలిసి వెళతానంది. వెళ్లి, ఆ ప్రశ్న అడిగింది. ట్రైనీ మనసు చూడకపోతే నష్టపోయేది క్లయింటు కూడా. ఆ రికార్డులో ఖాళీ పడింది ప్రాణాపాయాన్ని అంచనా వేయాల్సిన చోటే. ఇతరుల గాయాలు వినీ వినీ వినేవారి లోకదృష్టే మారిపోతుందని మెకాన్, పర్ల్‌మన్ అనే మనస్తత్వవేత్తలు 1990లోనే రాశారు.

ఇక విదేశీ మోజు. పేరు పరాయిదే, ఒప్పుకుంటాను. కానీ 1990ల మొదట్లో మన దూబగుంటలో, అక్షరాలు దిద్దుకోవడానికి రాత్రి బడికొచ్చిన ఆడవాళ్లు ఇళ్లలోని తాగుడు, దెబ్బల గురించి మాట్లాడుకున్నారు. అక్కడ మార్కులు వేసేవాళ్లు లేరు. పక్కనామెదీ అదే బాధని తెలిసి నోరు విప్పారు. రోశమ్మ ముందు నిలిచిన ఆ పోరాటం 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారా నిషేధం దాకా వెళ్లింది. తోటివారి అండంటే ఏమిటో నెల్లూరు జిల్లాకు ఎవరో వచ్చి నేర్పాలా?

ఆ మెసేజ్ పంపుతున్న అధ్యాపకులకు నా విన్నపం. మార్కులు వేసేది ఒకరు, విద్యార్థి మనసు విప్పుకునేది మరొకరి దగ్గర అయ్యేలా చూడండి. అలాంటి మనిషి దొరకని కాలేజీలో కనీసం ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ నంబరు 14416 నోటీసు బోర్డు మీద పెట్టండి. ‘ఈ కేసు ఇప్పుడు నావల్ల కాదు’ అన్న విద్యార్థికి కేసు మార్చండి, కారణాన్ని మాత్రం రికార్డులో రాయించకండి.