ఎఫ్.ఇ.ఆర్. గారికి, పలాస నుంచి

పేటెంటు దరఖాస్తును పరీక్షించి అభ్యంతరాలు మోసుకొచ్చే మహారాజశ్రీ మొదటి పరీక్షా నివేదిక (ఎఫ్.ఇ.ఆర్.) గారి సముఖమునకు,

పలాస-కాశీబుగ్గ జీడి మిషన్ల షెడ్ల నుంచి నమస్కారాలు. ఉభయకుశలోపరి.

మా స్టేషన్లో రైలెక్కితే చెన్నై కన్నా కోల్‌కతాయే దగ్గర. అయినా మేం తమరి చెన్నై పేటెంటు ఆఫీసు పరిధి. మెయిలుకు దూరమేముందిలే అని సరిపెట్టుకున్నాం. స్పెసిఫికేషన్, అంటే మిషను వివరం రాసిన పత్రం, తెలుగులో రాస్తే చెల్లదు, ఇంగ్లీషో హిందీయో కావాలన్నారు. దానికీ సరే.

ఫారం 1, ఫారం 2 ఆన్‌లైన్‌లో పెట్టి, వ్యక్తి అయితే 1,600 రూపాయలు కట్టాలి. 30 పేజీలు, 10 క్లెయిములు (ఇది మాదని హక్కు కోరే వాక్యాలు) దాటితే అదనం. బొమ్మల కాగితానికి పైనా ఎడమా 4 సెంటీమీటర్లు, కిందా కుడీ 3 సెంటీమీటర్లు ఖాళీ వదలాలి. 18 నెలలకు దరఖాస్తు పేటెంటు ఆఫీసు జర్నల్లో పడుతుంది. పడగానే పేటెంటు వచ్చేసిందని ఫ్లెక్సీ కట్టించేవాళ్లున్నారు, పాపం. పరీక్షించమని అడిగే ఫారం 18 విడిగా పెట్టి మరో 4,000 కడితేగానీ తమరి వంతు మొదలవదు. 31 నెలల్లో ఆ ఫారం పడకపోతే దరఖాస్తు మేమే వెనక్కి తీసుకున్నట్టు లెక్క!

తమరికీ రూల్సులో గడువులున్నాయి. దాటితే తమరిని ఎవరూ ఏమీ అనరు. జవాబుకు మాకిచ్చే 6 నెలలు మాత్రం తమరు బయల్దేరిన తారీఖు నుంచే నడుస్తాయి, మేం మెయిలు చూసిన రోజు నుంచి కాదు. అదేమో ఏజెంటు స్పామ్‌లో నిద్రపోతుంటుంది. అందుకే దరఖాస్తు నంబరు కొట్టి స్టేటస్ వారం వారం చూసుకోమని ఇక్కడి కుర్రాళ్లకు నూరిపోస్తున్నాం. మరీ ఇరుకున పడితే, గడువు లోపలే ఫారం 4 పెట్టి 3 నెలలు తెచ్చుకోవచ్చు.

ఇక తమరి లోపలి సరుకు. మాకన్నా ముందే అచ్చయినవంటూ డి1 అని ఎక్కడిదో చైనా పత్రం, డి2 అని ఇంకోటి చూపిస్తారు. రెండూ కలిపితే మీ మిషనేగా అంటారు. పైగా మోటారు, బెల్టు, బ్లేడు దేనికదే తిరిగే పాత సామాను పేర్పేనని పేటెంట్ల చట్టం సెక్షన్ 3(ఎఫ్) తగిలిస్తారు. ఉడికిన పిక్కను రెండు బ్లేడ్ల మధ్య కోయడం పాతదే, ఒప్పుకున్నాం. పిక్క సైజును బట్టి బ్లేడ్ల సందు స్ప్రింగుతో దానంతటదే సర్దుకోవడం కొత్తది. అయితే ఆ స్ప్రింగు సంగతి మొదటి స్పెసిఫికేషన్లోనే ఉండాలి. లేకపోతే సెక్షన్ 59 ఇప్పుడు చేర్చనివ్వదు. చాలా దరఖాస్తులు మునిగేది ఇక్కడే. రహస్యం బయటపడుతుందని అసలు భాగమే దాచేస్తారు, తర్వాత కాపాడుకోవడానికి ఏమీ మిగలదు. "మాది వేరండీ" అంటే తమరు వినరు. డి1లో ఏ భాగం లేదో, దాంతో గుండు పప్పు ఎంత పెరిగి బద్ద ఎంత తగ్గిందో పట్టిక గీసి చూపాలి. దిద్దిన క్లెయిములు రెండు ప్రతులు: కొట్టివేతలు కనబడేదొకటి, శుభ్రమైనదొకటి.

ఒక్క మనవి. హియరింగు వేస్తే వీడియోలోనే వేయండి, ఏప్రిల్లో మాత్రం వద్దు. అది అయ్యాక రాతపూర్వక వాదనకు తమరిచ్చేది 15 రోజులు. ఆ నెలలో ఇక్కడ పిక్కల లోడు దిగుతుంటుంది, జీడి రసం అంటిన వేళ్లతో కీబోర్డు ముట్టుకునేవాడు దొరకడు.

చిత్తగించవలెను.

ఇట్లు,
జీడి మిషన్ల వాళ్లు, పలాస, శ్రీకాకుళం జిల్లా