రాయలచెరువు పొలాల్లోని కరెంటు తీగకు బహిరంగ లేఖ

అయ్యా తీగగారూ,

తిరుపతి నుంచి తెల్లారకముందే బండేసుకొచ్చి, మీ కింద మెడలు పట్టేసేదాకా పైకి చూసే కెమెరా జనం తరఫున రాస్తున్నాను. మీ మీద మాకు పీకల్దాకా కోపం ఉంది.

లకుముకి పిట్టకు ఇక్కడ చెట్లు కరువా? తుమ్మ ఉంది, కానుగ ఉంది, పుణ్యానికి ఎవరూ కొట్టని వేప కూడా ఉంది. అయినా వచ్చి మీ మీదే వాలుతుంది. ముదురు గోధుమ రంగు తల, తెల్లటి గొంతు, ఎర్రటి పొడుగు ముక్కు, రెక్కల్లో ఆ నీలం! ఆ నీలానికి రంగు పదార్థమే లేదు. ఈకల్లోని సన్నటి నిర్మాణం మీద వెలుగు పడి చెదిరితే అలా మెరుస్తుంది. ఇంత సొగసూ పెట్టుకుని కూర్చునేది దేని మీదయ్యా అంటే, అల్యూమినియం మీద.

ఎందుకో మాకూ తెలుసులెండి. మీ మీద నుంచి ఆకు అడ్డం లేకుండా వరిమడి మొత్తం కనిపిస్తుంది. ఈ రకానికి చేపలే కావాలని లేదు. మిడతో తొండో కప్పో కదిలితే చాలు. దభీమని దిగి, ముక్కున కరుచుకొచ్చి, కూర్చున్నచోటే అటూ ఇటూ బాది మింగుతుంది. ఆ సీను లెన్సు నిండా దొరికినా ఏం లాభం? అడ్డంగా నల్లగీత, మీరు! పోటీకి పంపితే 'సహజంగా లేదు' అంటారు.

సహజం కావాలంటే చాలాచోట్ల ఏం చేస్తారో చెప్పనా? తొట్టిలో బతికున్న చేపపిల్లల్ని వదిలి, పక్కన పాచిపట్టిన కొమ్మ పాతి, తెర వెనక నక్కుతారు. పిట్ట దూకుతుంది. షట్టరు సెకనులో 2000వ వంతు. నీటిచుక్కలు గాల్లో ఆగిపోతాయి. తొట్టి ఫ్రేములోకి రాదు. కింద 'అడవి ఒడిలో వేట' అని రాసుకుంటారు. అది సహజం. పిట్ట తన ఇష్టంతో ఎంచుకున్న మీరు మాత్రం కళంకం.

ఇంకోటి. మీ మీద నీలం రెక్క కనబడితే చాలు, పాలపిట్ట అనుకుని దండం పెట్టేవాళ్లున్నారు. పాపం, 2018లో ఆంధ్రప్రదేశ్‌లో దాని రాష్ట్రపక్షి పదవి రామచిలుకకు పోయింది. ఇప్పుడు దండాలూ ఈ లకుముకి బుచ్చిగాడికే!

కనుక తమరు వెంటనే భూమిలోకి దిగిపోవాలని మనవి. అందాకా మావాడొకడు మిమ్మల్ని ఎడిటింగులో చెరిపేశాడు. పిట్ట దేనిమీదా లేకుండా, గోళ్లు బిగించి, ఆకాశంలో దర్జాగా కూర్చుంది. 'ఎంత సహజంగా ఉందో!' అని మెచ్చుకోళ్లు ఇంకా వస్తూనే ఉన్నాయి.