సోలార్ పాఠం డాబా మీద చెప్పాలి

మే నెల, గుంటూరు, మధ్యాహ్నం ఒంటిగంట. పక్కింటాయన డాబా మీద 3 కిలోవాట్ల సోలార్ ప్లాంటు ఉంది. ఎండ నిప్పులు చెరుగుతోంది, ఇన్వర్టర్ మీద మాత్రం 2.3 దాటడం లేదు. సర్వీసుకి వచ్చిన కుర్రాడు ఈఈఈలో బీటెక్. "ఇంత ఎండకి ఇంకా ఎక్కువ రావాలండీ, ప్యానెల్ తేడా ఏమో" అన్నాడు.

ప్యానెల్‌లో తేడా ఏమీ లేదు, పాఠంలోనే ఉంది. ప్యానెల్ మీద రాసిన వాట్లు దానిలోని సోలార్ సెల్ 25 డిగ్రీల దగ్గర ఉన్నప్పటి లెక్క. మన ఎండలకి అది 65కి ఎక్కి కూర్చుంటుంది. సెల్ వేడెక్కేకొద్దీ ఇచ్చే పవర్ తగ్గుతుంది. డిగ్రీకి సుమారు 0.35 శాతం చొప్పున, పెరిగిన 40 డిగ్రీలకు 14 శాతం పోయింది. మిగతాది దుమ్మూ, ఇన్వర్టర్ నష్టాలూ తిన్నాయి. ఈ సబ్జెక్టులో అతనికి మంచి మార్కులే వచ్చాయట. సోలార్ సెల్ పటం గీసి వివరిస్తే వచ్చే మార్కులవి.

ఇళ్ల కప్పుల మీద సోలార్ పెట్టించేందుకు 2024లో మొదలైన కేంద్ర పథకం పీఎం సూర్యఘర్ లక్ష్యం కోటి ఇళ్లు. 3 కిలోవాట్లకు రూ.78 వేలు సబ్సిడీ. ఇదంతా తెలిసిందే. ఆ కప్పుల మీదికి ఎక్కేది ఎవరు? విజయవాడ చుట్టూ చాలా కాలేజీల డాబాల మీద ప్యానెళ్లు ఉన్నాయి. పిల్లలు కింద క్లాసులో పీపీటీ చూస్తుంటారు, పైన తలుపుకి తాళం. వాటర్ ట్యాంకు నీడ ఒక్క ప్యానెల్ మీద పడితే వరస మొత్తం ఎందుకు నీరసపడుతుందో ఆ డాబా చెప్పినంత బాగా ఏ స్లైడూ చెప్పలేదు.

డీసీ వైరింగులో వందల వోల్టులుంటాయి, పిల్లలకేమైనా అయితే ఎవరిది బాధ్యత అంటారు యాజమాన్యాలు. భయం నిజమే. అయితే విడిగా ఒక్క ప్యానెల్ పెట్టండి, మామూలుగా 50 వోల్టులకి అటూ ఇటూనే. దానికి వోల్టులు కొలిచే ఓ మల్టీమీటరు చాలు. రేపు ఎవరి కప్పు మీదో వాళ్లు ఆ వందల వోల్టులతోనే పనిచేయాలి మరి.

అసలు జబ్బు సోలార్‌ది కాదు. స్పానర్ పడితే మెకానిక్, పట్టకపోతే ఇంజనీర్ అని మనమే తేల్చేశాం. ఆటోనగర్‌లో పదోతరగతి తప్పినవాడు చప్పుడు విని ఇంజిన్‌లో తేడా చెబుతాడు. మన ల్యాబు రికార్డుల్లోనేమో సీనియర్ డిసెంబర్‌లో రాసిన రీడింగే జూనియర్‌కి ఏప్రిల్‌లోనూ వస్తుంది, దశాంశంతో సహా. సంతకం పెట్టే సారుకీ ఆ సంగతి తెలుసు.

ఆ రోజు ఆ కుర్రాణ్ని ప్యానెల్ వెనక చెయ్యి పెట్టి చూడమన్నాను. చురుక్కుమనగానే వెనక్కి లాక్కున్నాడు. "దీనివల్లేనా సార్?" అన్నాడు.